ఫిట్జ్‌హ్యూ బ్రండేజ్ ఏం పరిశోధించారు?

అమెరికాలో చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ చరిత్ర ప్రొఫెసర్ బ్రండేజ్ కృషి గురించి అడిగారు. ఆయన పేరు తెచ్చుకుంది లించింగ్‌ల మీద, అంటే విచారణ లేకుండా గుంపులు మనుషుల్ని చంపడం మీద చేసిన పరిశోధనతో. 1880-1930 మధ్య అమెరికా దక్షిణాది రాష్ట్రాలైన జార్జియాను, వర్జీనియాను పక్కపక్కన పెట్టి చూశారు. జార్జియాలో 460 మంది, వర్జీనియాలో 86 మంది బలి. అత్యధికులు నల్లజాతివారే. ‘దక్షిణాది అంతే’ అని సరిపెట్టుకోకుండా ఈ తేడా ఎందుకని అడగడమే నా దృష్టిలో ఆయన గొప్పతనం. పత్తి తోటల మీద బతికే ప్రాంతాల్లో నల్ల కూలీలను అదుపులో పెట్టడానికి ఈ హింస ఎలా పనికొచ్చిందో చూపించారు. రహస్యంగా వచ్చే చిన్న ముఠా వేరు, పట్టపగలు చేరే పెద్ద మూక వేరు అన్నారు.

తర్వాత జ్ఞాపకం వైపు మళ్లారు: గతం ఎవరి చేతిలో ఉంది, విగ్రహాలు ఎవరు పెట్టించారు? ఆయన పనిచేసే క్యాంపస్‌లోనే 1913లో కాన్ఫెడరేట్ సైనికుడి (అంతర్యుద్ధంలో బానిసత్వం నిలవాలని పోరాడిన దక్షిణాది పక్షం సైనికుడి) విగ్రహం పెట్టారు. ఆవిష్కరణ సభలో జూలియన్ కార్ అనే పెద్దమనిషి, తానొక నల్లజాతి స్త్రీని కొరడాతో బట్టలు చిరిగిపోయేలా కొట్టానని గొప్పగా చెప్పుకున్నాడు. 2018 ఆగస్టులో నిరసనకారులు ఆ విగ్రహాన్ని కూల్చేశారు. అమెరికాలో చిత్రహింసల చరిత్రపై బ్రండేజ్ రాసిన పుస్తకం వచ్చిందీ ఆ ఏడాదే. అది 2019 పులిట్జర్ బహుమతి తుది జాబితాకు చేరింది.