ఫార్మలిన్ డబ్బా మూత తీసే ముందు

అమ్మడూ,

మొన్న ఫోన్‌లో నువ్వడిగిన దానికి సరిగ్గా చెప్పలేకపోయాను. ఈ వానలకి అమలాపురంలో సిగ్నల్ నిలవట్లేదు. పైగా చర్మం బయాప్సీలో, అంటే పరీక్షకి కోసిన ముక్కలో, పరాన్నజీవిని పట్టుకోవడం ఫోన్‌లో తేలే మాట కాదు. అందుకే రాస్తున్నాను.

ముక్క చేతికి రాగానే, కుళ్లకుండా ఉంచే ఫార్మలిన్ డబ్బాలో వేసేయడం మనందరికీ అలవాటు. ఆ అలవాటు వల్లే నేనోసారి తల దించుకున్నాను. రాజోలు వైపు మనిషి, సౌదీలో డ్రైవర్‌గా చేసి వచ్చాడు. ముంజేతి మీద రూపాయి బిళ్లంత పుండు. అంచులు గట్టులా లేచి, మధ్యలో పక్కు కట్టి ఉంది. నొప్పి లేదు, నెలల తరబడి మానట్లేదు. రిక్వెస్ట్ ఫారం మీద ‘మానని పుండు’ అని రెండే మాటలు. సౌదీ సంగతి ఎవరూ రాయలేదు, నేనూ అడగలేదు. ముక్క మొత్తం ఫార్మలిన్‌లో వేసేశాను.

పల్చగా కోసిన సెక్షన్‌లో చూస్తే, సూక్ష్మజీవుల్ని మింగే హిస్టియోసైట్ కణాల నిండా సన్న చుక్కలు. పాథాలజిస్టు గారికి లీష్మానియా అనే పరాన్నజీవి అని అనుమానం వచ్చింది గానీ గట్టిగా తేల్చలేకపోయారు. కల్చర్ పెట్టి దాన్ని పెంచి చూద్దామంటే ఫార్మలిన్ అన్నిటినీ చంపేసింది. ఆ మనిషిని పిలిపించి మళ్లీ కోయాల్సి వచ్చింది. “ఎక్కడికి పోద్దండీ, పుండు అక్కడే ఉంది కదా” అని నవ్వాడు. తిట్టినా బాగుండేది.

కాబట్టి ముందు అడుగు. కోనసీమలో గల్ఫ్‌కి వెళ్లొచ్చిన మనిషి లేని వీధి ఉండదు. శాండ్‌ఫ్లై అనే బుల్లి ఈగ కుడితే వచ్చే ఈ పుండు అక్కడి కొన్ని ప్రాంతాల్లో మామూలే. ‘ఏ దేశంలో ఉన్నారు, ఎప్పుడు వచ్చారు’ అన్న రెండు ప్రశ్నలు సగం రోగనిర్ధారణ.

పుండు మధ్యలోంచి తీస్తే ఎక్కువగా చీము, చచ్చిన కణాలే వస్తాయి. ఎర్రగా లేచిన అంచు నుంచి తీయమని డాక్టరు గారిని ముందే మర్యాదగా అడుగు, తప్పు పట్టరు. ముక్క రాగానే స్టెరైల్ బ్లేడుతో కల్చర్‌కి కొంచెం తీసి స్టెరైల్ సెలైన్‌లో పెట్టు. మిగిలినదాన్ని రెండుగా కోసి, ఒక సగం పదింతల ఫార్మలిన్‌లోకి వెయ్యి. రెండో సగం కోసిన ముఖాన్ని ఫిల్టర్ పేపర్ మీద ఒకటి రెండుసార్లు ఒత్తి నెత్తురు తీసెయ్యి. తరవాత స్లైడ్ మీద అద్దు. రుద్దకు. బొట్టు పెట్టినట్టు పక్కపక్కనే నాలుగైదు చోట్ల అద్దు. నెత్తురు ఎక్కువైతే పరాన్నజీవి దాని మధ్య దాక్కుంటుంది. అద్దిన ముక్కని ఆల్కహాల్‌లో వేస్తే డీఎన్‌ఏ పట్టుకునే పీసీఆర్ పరీక్షకి పనికొస్తుంది.

స్లైడ్ బాగా ఆరాక మిథనాల్‌తో ఫిక్స్ చేసి జీమ్సా రంగు వెయ్యి. మన వైపు చిక్కంతా తేమతోనే. మూత సరిగ్గా పెట్టని మిథనాల్ గాల్లో నీటిని లాగేసుకుంటుంది, స్మియర్ మీద గాజు ముక్కల్లాంటి మెరుపులు తేలతాయి. అందుకే చిన్న సీసాలో పోసుకుని వాడు. కడగడానికి బోరు నీళ్లు వద్దు, 7.2 పీహెచ్ బఫరే వాడు. ఉప్పునీళ్లతో కడిగితే ఏ రంగు ఎక్కడ ఎక్కుతుందో దేవుడికే తెలియాలి.

ఇక మైక్రోస్కోపు 100 ఎక్స్ ఆయిల్ లెన్సుతో చూడు. లీష్మానియా అంటే రెండు నుంచి నాలుగు మైక్రాన్ల గింజ, లేత నీలం ఒళ్లు, లోపల ఊదారంగు న్యూక్లియస్, దాని పక్కన ముదురుగా చిన్న కడ్డీ. దాన్నే కైనెటోప్లాస్ట్ అంటారు. అది కనబడితేనే నమ్ము. రంగు మడ్డి, ప్లేట్‌లెట్లు కూడా చుక్కల్లా మోసం చేస్తాయి. హిస్టోప్లాస్మా అనే ఫంగస్ అయితే మరీ దగ్గర పోలిక, కానీ దానికి కడ్డీ ఉండదు, పాస్ స్టెయిన్‌కి, సిల్వర్ స్టెయిన్‌కి రంగు పట్టుకుంటుంది. 1903లో మద్రాసులో కాలా అజార్ (లీష్మానియా వల్లే వచ్చే జ్వరం) రోగుల ప్లీహంలో డాక్టరు డోనవన్ చూసింది కూడా ఇలాంటి గింజలనే. ఆ జ్వరం తెచ్చేదాని పేరు లీష్మానియా డోనవానీ, అందులో సగం లీష్మన్ అనే మరో డాక్టరుకి పోయింది గానీ మన పక్క మద్రాసు వాటా తక్కువేం కాదు.

కల్చర్‌కి కుందేలు రక్తం కలిపిన ఎన్.ఎన్.ఎన్. మీడియం వాడతారు. దానికి 22 నుంచి 26 డిగ్రీలు చాలు. మే నెలలో మన గది వేడి పనికిరాదు, చల్లగా ఉంచగల బీఓడీ ఇంక్యుబేటర్‌లో పెట్టాలి. నాలుగు వారాలైనా చూడకుండా పారేయకు.

గజ్జి సంగతి వేరు. దానికి బయాప్సీ అక్కర్లేదు. వేళ్ల సందుల్లో సొరంగం మీద లిక్విడ్ పారాఫిన్ చుక్క వేసి బ్లేడుతో గీకితే చాలు, పురుగు కదులుతూ కనబడుతుంది. పొటాష్ (పొటాషియం హైడ్రాక్సైడ్) వేస్తే దాని పెంటికలు కరిగిపోతాయి, ఆ పెంటికలూ ఒక ఆధారమే మరి. మామూలు గజ్జిలో ఒంటిమీద పదీ పదిహేను పురుగులే ఉంటాయి. ఒక్క గీకుడులో దొరకలేదని ‘లేదు’ అని రాయకు.

కణితిలోంచి పొడుగు పురుగు బయటికొస్తే, వేడి చేసిన 70 శాతం ఆల్కహాల్‌లో వెయ్యి. చుట్టుకోకుండా తిన్నగా చాచుకుంటుంది. అడ్డంగా కోసి చూస్తే, చర్మం కింద కణితి కట్టించే డైరోఫిలేరియా రిపెన్స్ అనే పురుగుకైతే పైతోలు మీద గట్లు కనబడతాయి.

ఆ రాజోలు మనిషి రెండో ముక్క ఇంప్రింట్ స్లైడ్ ఒకటి పేరు లేకుండా నా డబ్బాలో ఉంది. రంగు కాస్త వెలిసింది గానీ కడ్డీ ఇంకా తెలుస్తుంది. దీపావళికి వచ్చినప్పుడు తీసుకెళ్లు.

మీ మామయ్య