నాన్న రిటైర్మెంట్ డబ్బు ప్లాటుకా, నా బీటెక్‌కా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. ఇంటర్ ఎంపీసీ సెకండియర్ చదువుతున్నాను. తమ్ముడు ఎనిమిదో తరగతి. ఆర్మీలో హవల్దార్‌గా ఉన్న నాన్న 17 ఏళ్ల సర్వీసు ముగించుకుని వచ్చే జూన్‌లో ఇంటికొస్తున్నారు. ఒకేసారి వచ్చే డబ్బంతా పెట్టి సాగర్ రోడ్డులో ప్లాటు కొనమని మామయ్య అంటున్నాడు. నా బీటెక్ ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మామయ్య మీ మేలు కోరే చెప్పి ఉంటాడమ్మా. కానీ ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ముందు చూడాలి. అందులో పెద్ద భాగం కమ్యుటేషన్, అంటే నాన్న తన పింఛనులో కొంత ముందే తీసేసుకోవడం. సగం వరకు అలా తీసుకోవచ్చు. బేసిక్ పింఛను 25,000 అనుకుందాం. సగం కమ్యూట్ చేస్తే 15 ఏళ్ల పాటు నెలకు 12,500 కోత పడుతుంది. డీఆర్, అంటే ధరలు పెరిగేకొద్దీ పింఛనుతో కలిపి ఇచ్చే కరువు భృతి మాత్రం పూర్తి 25,000 మీదే లెక్కిస్తారు. కమ్యుటేషన్ డబ్బుకు, గ్రాట్యుటీకి పన్ను లేదు.

ఆ పదిహేనేళ్లలోనే నీ చదువు, తమ్ముడి చదువు, నీ పెళ్లి వస్తాయి. ఫీజు కట్టాల్సిన వారానికి ప్లాటు అమ్ముడుపోదు. అలా ఇరుక్కుని వడ్డీకి తెచ్చి ఫీజులు కట్టిన కుటుంబాలను చూశాను, అందుకే గట్టిగా చెబుతున్నాను. నాలుగేళ్ల ఫీజు ముందు ఫిక్స్‌డ్ డిపాజిట్లలో వేయండి. ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకే బీమా ఉంటుంది కాబట్టి రెండు బ్యాంకుల్లో పెట్టండి. పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో అమ్మా నాన్నా కలిసి 15 లక్షల వరకు వేయొచ్చు, నెలనెలా వడ్డీ చేతికొస్తుంది. ప్లాటు సంగతి ఏడాది తర్వాత చూసుకోవచ్చు.

నువ్వు చేయాల్సింది కూడా ఉంది. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సైనికుల పిల్లలకు క్యాప్ కోటా ఉంది. బీటెక్‌లో చేరాక ప్రధానమంత్రి స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు చెయ్యి. ఎంపికైతే అమ్మాయిలకు నెలకు 3,000, అంటే ఏడాదికి 36,000 వస్తుంది. ఇంటర్‌లో కనీసం 60 శాతం ఉండాలి, ఫస్టియర్‌లోనే పెట్టుకోవాలి. చాలామంది సెకండియర్‌లో తెలుసుకుని బాధపడతారు.

నాన్నకు ఇంకా ఇరవై ఏళ్లు పనిచేసే వయసుంది. టెన్త్ పాసై 15 ఏళ్ల సర్వీసు ఉంటే గ్రూప్ సి ఉద్యోగాలకు డిగ్రీతో సమానమనే సర్టిఫికెట్ ఇస్తారు. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి పోస్టుల్లో 10 శాతం, ప్రభుత్వ బ్యాంకు క్లర్కుల్లో 14.5 శాతం మాజీ సైనికులకే. వయసు సడలింపు కూడా ఉంది. రాగానే నల్గొండ సైనిక సంక్షేమ కార్యాలయంలో మాజీ సైనికుడి గుర్తింపు కార్డు తీసుకోవాలి. వైద్యానికి ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) కార్డు ఇంట్లో అందరికీ చేయించండి.

ఈ వారమే నాన్నకు ఫోన్ చెయ్యి. మీ ముగ్గురి పేర్లు, పుట్టిన తేదీలు ఆయన సర్వీసు రికార్డులో సరిగ్గా ఉన్నాయేమో చూడమను. నీ టెన్త్ మెమోలో ఉన్న స్పెల్లింగే అక్కడా ఉండాలి. స్కాలర్‌షిప్‌కైనా, ఈసీహెచ్‌ఎస్‌కైనా ముందు అడిగేది అదే. యూనిట్‌లో ఉండగా దిద్దించడం తేలిక. ఇంటికొచ్చాక మిర్యాలగూడ నుంచి రికార్డ్ ఆఫీసుకు ఉత్తరాలు రాస్తూ కూర్చుంటే నీ ఫస్టియర్ దాటిపోతుంది.