రాళ్లు లేవు, అయినా గాల్‌బ్లాడర్‌ వాచిందంటున్నారు.. ఎందుకు?

ప్రశ్న: మా తమ్ముడికి 34 ఏళ్లు. బైక్‌ యాక్సిడెంట్‌లో తొడ ఎముక విరిగి, రక్తం బాగా పోయింది. ఆపరేషన్‌ చేసి ఐసీయూలో వెంటిలేటర్‌ మీద ఉంచారు. పన్నెండో రోజు జ్వరం వచ్చింది. స్కాన్‌ చేసి గాల్‌బ్లాడర్‌ వాచిందని, రాళ్లు మాత్రం లేవని చెప్పారు. ట్యూబ్‌ వేయాలంటున్నారు. కాలికి దెబ్బ తగిలితే గాల్‌బ్లాడర్‌కి ఏమవుతుంది? వైద్యంలో పొరపాటు జరిగిందా?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: కాలికీ గాల్‌బ్లాడర్‌కీ నేరుగా సంబంధం లేదమ్మా. మీ తమ్ముడికి పోయిన రక్తానికి, నోటితో తినని ఆ రోజులకు సంబంధం ఉంది. గాల్‌బ్లాడర్‌ వాపు ఎక్కువగా రాళ్ల వల్లే వస్తుంది. 5 నుంచి 10 శాతం మందిలో మాత్రం రాళ్లుండవు. పెద్ద గాయాలు, కాలిన గాయాలు, సెప్సిస్‌తో (ఇన్ఫెక్షన్‌ ప్రభావం ఒళ్లంతా పాకి అవయవాలు దెబ్బతినే స్థితి) ఐసీయూలో ఉన్నవారిలో ఇది కనిపిస్తుంటుంది.

మనం తిన్నది, ముఖ్యంగా కొవ్వు, చిన్నపేగులోకి దిగగానే కోలిసిస్టోకైనిన్‌ అనే హార్మోన్‌ విడుదలై గాల్‌బ్లాడర్‌ను పిండుతుంది. తిండే లేకపోతే ఆ పిండటం ఉండదు. గాల్‌బ్లాడర్‌లో నిల్వ ఉండే జీర్ణరసం, అంటే పైత్యరసం, లోపలే నిలిచి చిక్కబడుతుంది. మార్ఫిన్‌ లాంటి నొప్పి మందులు అది పేగులోకి దిగే దారిని బిగించేస్తాయి. రక్తం ఎక్కువ సీసాలు ఎక్కిస్తే అందులోని కణాలు చితికి పైత్యరసం ఇంకా చిక్కనవుతుంది.

అంతకంటే ముఖ్యమైనది రక్త ప్రసరణ. గాల్‌బ్లాడర్‌కు రక్తం దాదాపు ఒక్క చిన్న ధమని నుంచే అందుతుంది. బీపీ పడిపోయినప్పుడు శరీరం ఉన్న రక్తాన్ని గుండెకు, మెదడుకు మళ్లిస్తుంది. బీపీ నిలబెట్టే మందులు కూడా రక్తనాళాలను కుదిస్తాయి. దాంతో గాల్‌బ్లాడర్‌ గోడ దెబ్బతింటుంది. చాలాసార్లు బ్యాక్టీరియా చేరేది ఆ తర్వాతే.

కేస్‌షీట్‌ చూడకుండా పొరపాటు జరిగిందో లేదో నేను చెప్పలేను. కానీ ప్రాణం నిలబెట్టడానికి ఆ మందులు, రక్తం తప్పనిసరి. అన్నీ సరిగ్గా చేసినా ఈ వాపు రావచ్చు.

ట్యూబ్‌ విషయంలో మాత్రం ఆలస్యం చేయొద్దు. రాళ్ల వల్ల వచ్చే వాపు కంటే ఇందులో గోడ కుళ్లడం, చిల్లు పడటం ఎక్కువ. మత్తులో ఉన్న రోగి నొప్పి అని చెప్పలేడు కూడా. చర్మానికి మత్తిచ్చి, స్కానింగ్‌లో చూస్తూ సన్నటి ట్యూబ్‌ పెట్టి పైత్యరసాన్ని బయటికి తీస్తారు. యాంటీబయాటిక్స్‌ ఎలాగూ ఇస్తారు. జ్వరం తగ్గకపోయినా, గోడ కుళ్లినట్టు తేలినా గాల్‌బ్లాడర్‌ తీసేయాల్సిందే. కుదుటపడితే ట్యూబ్‌ను కొన్ని వారాలు ఉంచి, అందులోంచి డై (స్కాన్‌లో కనిపించే మందు) ఎక్కించి, పైత్యరసం పేగులోకి దిగే దారి తెరుచుకుందో చూసి తీస్తారు. రాళ్లు లేవు కాబట్టి చాలామందికి ఆ తర్వాత ఆపరేషన్‌ అవసరం ఉండదు.

ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఎప్పుడు మొదలుపెట్టవచ్చో కూడా డాక్టర్‌ను అడగండి. పేగు పనిచేస్తుంటే కొద్దికొద్దిగా ఇచ్చినా గాల్‌బ్లాడర్‌ మళ్లీ కదలడానికి తోడ్పడుతుంది.