ధ్వని సందేహాలు: ఒకే నాబ్, ఇన్ని పనులా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లె. పదేళ్లుగా పెళ్లిళ్లకు, జాతరలకు సౌండ్ సిస్టమ్ అద్దెకు ఇస్తున్నాము. నిరుటి వరకు పాత అనలాగ్ క్రాసోవర్ (కింది స్వరాలను బేస్ స్పీకర్లకు, పై స్వరాలను హారన్లకు పంచే పరికరం) వాడాము. ఈ ఏడాది రెండు ఇన్‌పుట్లు, ఆరు అవుట్‌పుట్లు ఉన్న డిజిటల్ లౌడ్‌స్పీకర్ ప్రాసెసర్ కొన్నాము. మొన్న ఒక పెళ్లిలో టాపుల (పై స్వరాల స్పీకర్ల) శబ్దం కాస్త పెంచుదామని ముందు ప్యానెల్ మీద నాబ్ తిప్పాను. అరగంట గడిచేలోగా వాటిలోని రెండు హారన్ డ్రైవర్ల డయాఫ్రంలూ (కంపించి ధ్వని పుట్టించే రేకులూ) పోయాయి. తర్వాత చూసుకుంటే 1600 హెర్ట్జ్ దగ్గర ఉండవలసిన హారన్ క్రాసోవర్, అంటే హారన్‌కు స్వరాలు వెళ్లడం మొదలయ్యే చోటు, 800కు దిగి ఉంది. దేనిని ఎప్పుడు తాకాలో, దేనిని అసలు తాకకూడదో వివరించగలరు.

జవాబు: మీ పాత క్రాసోవర్‌లో ఒక నాబ్‌కు ఒకటే పని, ఆ పని పేరు దాని కిందనే అచ్చువేసి ఉంటుంది, అది ఎక్కడ నిలిచి ఉందో పందిట్లో దీపాలు ఆరిపోయినా చేత్తో తడిమి చెప్పవచ్చు. డిజిటల్ ప్రాసెసర్‌లో నాబ్‌కు సొంత పని అంటూ లేదు. ఆ క్షణాన డిస్‌ప్లే మీద ఏ పేజీ తెరిచి ఉందో, అందులో ఏ అంకె ఎంపికై ఉందో, నాబ్ దానినే మారుస్తుంది. మీరు లెవెల్ పేజీలో ఉన్నాననుకుని తిప్పారు. డిస్‌ప్లే అంతకుముందు ఎవరో తెరిచి వదిలేసిన క్రాసోవర్ పేజీలో ఉంది.

డయాఫ్రంలు పోవడానికి కారణం అక్కడే ఉంది. ఒక డయాఫ్రం అంతే శబ్దాన్ని సగం ఫ్రీక్వెన్సీలో ఇవ్వాలంటే రెండు నుంచి నాలుగు రెట్లు దూరం కదలాలి. 1600 నుంచి 800కు దిగడమంటే సరిగ్గా అదే. కొద్దిపాటి కదలికకు తయారైన పలుచని రేకు అంత ఊపును తట్టుకోదు. పైగా పాటలో ఆ కింది స్వరాలలోనే శక్తి ఎక్కువ కాబట్టి కాయిల్ (రేకును కదిలించే తీగచుట్ట) వేడెక్కడం కూడా తోడవుతుంది.

కాబట్టి నాబ్ మీద చెయ్యి వేసే ముందు డిస్‌ప్లేలో మూడు సంగతులు చదవండి: ఏ అవుట్‌పుట్, ఏ పేజీ, ఏ అంకె. ఆ తర్వాత ఒక్క మెట్టు మాత్రమే తిప్పి, మారిన అంకె మీరు అనుకున్నదేనా అని చూసి, అప్పుడు ముందుకు సాగండి. కుడి ఎడమ అవుట్‌పుట్లను జతచేసి (లింక్ చేసి) ఉంటే ఒకదానిలో చేసిన మార్పు రెండవదానికీ వెళుతుంది. మీ రెండు డ్రైవర్లూ ఒకేసారి పోవడాన్ని బట్టి మీ సెట్టింగ్ అలాగే ఉన్నట్టుంది.

ఇక పనుల విభజన. కార్యక్రమం నడుస్తుండగా ప్రాసెసర్ మీద మీరు తాకదగినవి మ్యూట్ బటన్లు మాత్రమే అని నా అభిప్రాయం. టాపులు చాలడం లేదనిపిస్తే ఆ సవరణ మిక్సర్ ఈక్వలైజర్‌లో చేయండి. అక్కడ ప్రతి నాబ్‌కూ పేరు రాసి ఉంటుంది. క్రాసోవర్, లిమిటర్ (వోల్టేజీ హద్దు దాటకుండా ఆపేది), డిలే (ధ్వనిని కాస్త ఆలస్యం చేసేది) అన్నవి స్పీకర్లను బట్టి, స్థలాన్ని బట్టి ముందే నిర్ణయించి, సేవ్ చేసి, తాళం వేయవలసిన సంగతులు.

క్రాసోవర్‌కు డ్రైవర్ తయారీదారు చెప్పిన కనిష్ఠ ఫ్రీక్వెన్సీకి దిగువన ఎన్నడూ వెళ్లవద్దు. వాలు (ఆ చోటు దాటాక ధ్వని ఎంత త్వరగా తగ్గాలన్నది) విషయంలో ఆక్టేవ్‌కు 24 డెసిబెల్స్ లింక్‌విట్జ్-రైలీ రకం ఎంచుకుంటే సాధారణంగా చిక్కులు ఉండవు: కలిసే చోట రెండు వైపులా 6 డెసిబెల్స్ తగ్గి, రెండూ కలిసినప్పుడు సమంగా నిలుస్తాయి. ఒక వైపు ఆ రకం, రెండో వైపు బటర్‌వర్త్ అనే మరో రకం పెడితే ఆ పొందిక చెడుతుంది.

లిమిటర్ దగ్గర మాత్రం చాలామంది ఊహ మీద నడుస్తారు. కాగితం మీద అయిదు నిమిషాల లెక్క చాలు. మీ బేస్ స్పీకర్ 8 ఓమ్‌ల వద్ద 300 వాట్లు నిరంతరంగా తట్టుకుంటుందని అనుకోండి. 300ని 8తో గుణించి వర్గమూలం తీస్తే దాదాపు 49 వోల్టులు వస్తుంది. మీ ఆంప్లిఫైయర్ గెయిన్ 32 డెసిబెల్స్ అయితే అది వోల్టేజీని 40 రెట్లు పెంచుతుంది. 49ని 40తో భాగిస్తే ప్రాసెసర్ నుంచి వెళ్లదగిన గరిష్ఠ వోల్టేజీ దాదాపు 1.23 వోల్టులు. 0.775 వోల్టును సున్నాగా లెక్కించే డీబీయూ కొలతలో ఇది ప్లస్ 4. హారన్ డ్రైవర్ 8 ఓమ్‌ల వద్ద 80 వాట్లదైతే అదే లెక్కకు దాదాపు మైనస్ 2 వస్తుంది. ఈ అంకెలనే లిమిటర్ థ్రెషోల్డ్‌గా (అది ఆపడం మొదలుపెట్టే హద్దుగా) పెట్టండి. హారన్‌కు ఎటాక్ సమయం (హద్దు దాటాక లిమిటర్ పట్టుకోవడానికి తీసుకునే సమయం) తక్కువగా, బేస్‌కు కాస్త ఎక్కువగా ఉంచండి. ఈ లెక్క ఆంప్లిఫైయర్ నాబ్‌లు పూర్తిగా తెరిచి ఉన్నప్పటిది. వాటిని సగంలో ఉంచి లిమిటర్‌ను చెవితో సరిచేసుకున్న వారి రక్షణ, మరెవరో ఆ నాబ్‌లను పూర్తిగా తిప్పిన మరుక్షణం పోతుంది. ఆంప్లిఫైయర్ మారిస్తే లెక్క మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఇదంతా చేసి ఉన్నా మీ డయాఫ్రంలు దక్కేవని మాత్రం భరోసా ఇవ్వలేను. లిమిటర్ వోల్టేజీని ఆపుతుంది, తప్పుడు క్రాసోవర్ వద్ద రేకు ఊగిసలాటను కాదు.

ప్రశ్న: మైదానంలో వేదిక స్పీకర్లకు 30 మీటర్ల ముందు ఇంకో జత నిలబెడుతున్నాము. ప్రతిధ్వనిలా రెండుసార్లు వినిపిస్తోంది. డిలే ఎంత పెట్టాలి? (వరంగల్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ధ్వని వేగం గాలి వేడిమిని బట్టి మారుతుంది. 20 డిగ్రీల వద్ద అది సెకనుకు సుమారు 343 మీటర్లు. 40 డిగ్రీల వద్ద 355 మీటర్లు. కాబట్టి మీ 30 మీటర్లకు చలిరాత్రి 87 మిల్లీసెకండ్లు, ఎండాకాలం మధ్యాహ్నం 85 మిల్లీసెకండ్లు పడుతుంది. సెటప్ పేజీలో గాలి వేడిమి నింపే చోటు ఉంటే నింపండి. ఈ అంకెకు మరో 10 మిల్లీసెకండ్లు కలిపితే, మాట ముందు వేదిక వైపు నుంచే చెవిని చేరి, వక్త అక్కడే ఉన్నట్టు అనిపిస్తుంది. దీనిని హాస్ ప్రభావం అంటారు. దూరం రెండు జతల స్పీకర్ల మధ్య కొలవాలి, మిక్సర్ బల్ల నుంచి కాదు. డిలేను ఆ రెండో జతకు వెళ్లే అవుట్‌పుట్లలోనే పెట్టండి. పొరపాటున ఇన్‌పుట్ పేజీలో పెడితే వేదిక స్పీకర్లు కూడా అంతే ఆలస్యమై, రెండుసార్లు వినబడడం ఎప్పటిలాగే ఉంటుంది.

ప్రశ్న: కార్యక్రమం మధ్యలో ప్రీసెట్ (ముందే సేవ్ చేసుకున్న సెట్టింగ్‌ల కట్ట) మార్చవచ్చా? ప్యానెల్‌కు తాళం వేసి కోడ్ మరిచిపోతే ఎలా? (నెల్లూరు నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: మధ్యలో మార్చవద్దు. కొత్త ప్రీసెట్ క్రాసోవర్, గెయిన్ అన్నిటినీ ఒక్కసారిగా మార్చివేస్తుంది. మరో రకం స్పీకర్ల కోసం సేవ్ చేసినదైతే నష్టం మొదటి పాటలోనే తెలుస్తుంది. తప్పనిసరైతే ముందు అవుట్‌పుట్లన్నీ మ్యూట్ చేసి, ప్రీసెట్ మార్చి, క్రాసోవర్ అంకెలు చదివి, బేస్ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క మ్యూట్ తీయండి. సిస్టమ్ ఆన్ చేసేటప్పుడు కూడా మిక్సర్, ప్రాసెసర్, చివరగా ఆంప్లిఫైయర్లు. ఆపేటప్పుడు ఆంప్లిఫైయర్లు ముందు.

తాళం తప్పక వేయండి. పందిట్లో వెలిగే బటన్ కనబడితే నొక్కకుండా ఉండే పిల్లవాడిని నేనింతవరకు చూడలేదు. కోడ్‌ను మాత్రం మిషన్ మీద అంటించకుండా ఇంట్లో పుస్తకంలో రాసుకోండి. అదే పుస్తకంలో ప్రతి అవుట్‌పుట్ క్రాసోవర్, లిమిటర్, డిలే అంకెలు కూడా ఉండాలి. ఎందుకంటే మరిచిన కోడ్‌ను తొలగించడానికి ఫ్యాక్టరీ రీసెట్ చేయవలసి వస్తే, మీరు సేవ్ చేసుకున్న ప్రీసెట్లు కూడా దానితో పాటే చెరిగిపోయే అవకాశం ఉంది.