60 శాతం బ్లాక్ ఉందన్నారు, స్టెంట్ వేయించుకోవాల్సిందేనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 52 ఏళ్లు, మాది గాజువాక. ఆరేళ్లుగా షుగర్ ఉంది. సిగరెట్ మానేసి మూడేళ్లయింది. మా నాన్నగారు 54వ ఏట గుండెపోటుతో పోయారు. నాలుగైదు నెలలుగా మెట్లు గబగబా ఎక్కితే ఛాతీ మధ్యలో పట్టేసినట్టు ఉంటోంది, రెండు నిమిషాలు ఆగితే తగ్గిపోతోంది. ట్రెడ్‌మిల్ టెస్టులో తేడా ఉందని సీటీ యాంజియో చేశారు. ఎడమ వైపు ముందు రక్తనాళం మధ్యలో 60 శాతం బ్లాక్, మిగతా రెండింటిలో కొద్దిగా కొవ్వు, కాల్షియం స్కోర్ (నాళాల గోడల్లో గట్టిపడిన కొవ్వు ఎంతుందో చెప్పే లెక్క) 140. ఎకో బాగుంది. కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్ 10 వేసుకుంటున్నాను, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 104, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 8.1. ఒక డాక్టర్ ఈ వారంలోనే స్టెంట్ వేయించుకోమన్నారు, ఇంకొకరు మందులతో చూద్దామన్నారు. ఇంట్లో అందరికీ టెన్షన్. హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయి ఆరు నెలలకో ఇంజెక్షన్ వచ్చిందని, ఏఐ ఈసీజీ వచ్చిందని రోజూ వీడియోలు పంపుతున్నాడు. నేనేం చెయ్యాలి? ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ చేయొచ్చా?

జవాబు: ముందు కాస్త స్థిమితపడండి. మీరు రాసిన వివరాలు అన్నీ అలాగే ఉంటే, ఇది ఈ వారంలోనే తేల్చేయాల్సిన విషయం కాదు. ఆలోచించుకోవడానికి మీకు టైముంది. కానీ ఒక్క మాట. ఆ పట్టేసినట్టు ఉండడం కూర్చున్నప్పుడు కూడా వస్తున్నా, రాత్రి నిద్రలోంచి లేపుతున్నా, మొన్నటిదాకా రెండో అంతస్తులో వచ్చేది ఇప్పుడు బాత్రూమ్‌కి నడిచినా వస్తున్నా లెక్క మారిపోతుంది, అప్పుడు ఈ జవాబు పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.

ఇక ఆ 60 గురించి. మా ఓపీకి వచ్చేవాళ్లలో చాలామంది కూర్చోకముందే చెప్పేది ఆ శాతమే, "సార్, నాకు 60", "మా ఆయనకి 80" అని. రక్తనాళమంటే కుళాయి పైపు, అందులో తుప్పు పేరుకుంది, 60 కాస్తా 100 అయిన రోజు గుండెపోటు వస్తుంది అనే బొమ్మ అందరి మనసులోనూ ఉంది. జరిగేది అది కాదు. కొవ్వు చేరేది పైపు లోపలి ఖాళీలో కాదు, గోడలో. మొదట్లో ఆ గోడ బయటి వైపుకే ఉబ్బుతుంది, లోపల దారి మామూలుగానే ఉంటుంది (ఇది 1987లోనే తేలిన సంగతి). ఆ కొవ్వు మీద సన్నటి పొర ఉంటుంది. ఆ పొర చిరిగితే రక్తం అక్కడ గడ్డకట్టి, నిమిషాల్లో నాళం మూసుకుపోవచ్చు. గుండెపోటంటే చాలాసార్లు ఇదే. చిరిగే పొర 80 శాతం బ్లాక్ మీదే ఉండాలని లేదు, 30, 40 ఉన్నచోట కూడా ఉండొచ్చు.

ఒకాయన గుర్తొస్తున్నారు. ఉద్యోగం నుంచి రిటైరై ఏడాది కూడా కాలేదు. ట్రెడ్‌మిల్ టెస్టు బాగుందని ఇంట్లో అందరూ ధైర్యంగా ఉన్నారు. కొన్ని వారాలకే తెల్లవారుజామున చెమటలతో తీసుకొచ్చారు. క్యాథ్‌ల్యాబ్‌లో గడ్డ తీసేశాక చూస్తే దాని కింద ఉన్న అసలు బ్లాక్ నలభైకి అటూ ఇటూ. ఆయన బతికారు. బయట బల్ల మీద వాళ్లావిడ ఆ పాత రిపోర్టు చేతిలో పట్టుకుని కూర్చున్నారు. "మొన్ననే కదండీ బాగుందన్నారు" అని అడిగారు. ట్రెడ్‌మిల్‌లో తప్పు జరగలేదమ్మా, ఆ టెస్టు చూసేది నడిచేటప్పుడు రక్తం సరిపోతోందా లేదా అన్నదే, గోడలో ఏముందో దానికి కనిపించదు అని చెప్పాను. ఆ రోజు నుంచి ఎవరు ట్రెడ్‌మిల్ రిపోర్టు తెచ్చినా ఈ ముక్క చెప్పకుండా పంపను.

మీకు చేసిన సీటీ యాంజియో ఆ గోడను చూపిస్తుంది. గుండె వేగం తగ్గడానికి ముందుగా మాత్ర ఇచ్చి, నాలుక కింద స్ప్రే కొట్టి, చేతి నరంలోకి మందు ఎక్కించగానే ఒళ్లంతా వేడి పాకినట్టు అనిపించి ఉంటుంది, ఊపిరి బిగబట్టమని ఉంటారు. ఆ కొద్ది సెకన్లలో తీసిన బొమ్మల్లో దారి ఎంత సన్నబడిందో ఒక్కటే కాదు, గోడలో ఎక్కడెక్కడ కొవ్వు ఉందో కూడా తెలుస్తుంది. స్కాట్లాండ్‌లో ఛాతీనొప్పితో వచ్చిన 4,146 మందిని తీసుకుని సగం మందికి మామూలు పరీక్షలతో పాటు ఈ సీటీ కూడా చేశారు. 2018లో ఐదేళ్ల ఫలితాలు వచ్చాయి. గుండెపోటు లేదా గుండెజబ్బుతో మరణం సీటీ లేనివాళ్లలో 3.9 శాతం, సీటీ చేసినవాళ్లలో 2.3 శాతం. ఇందులో నాకు ముఖ్యంగా కనిపించేది ఇంకొకటి. స్టెంట్లు, బైపాస్‌లు రెండు వైపులా దాదాపు సమానమే. సీటీ వైపు ఎక్కువైనవి మందులు. గోడలో కొవ్వు కళ్లకు కనబడేసరికి డాక్టర్లు గట్టిగా రాశారు, పేషెంట్లు మానకుండా వేసుకున్నారు.

మరి మీ స్టెంట్ మాట. మీలాగా శ్రమపడితే నొప్పి, ఆగితే తగ్గడం అనే పరిస్థితిలో ఉన్నవాళ్ల మీద ఇస్కీమియా అనే పెద్ద పరిశోధన జరిగింది, 37 దేశాల్లో 5,179 మంది, మన దేశం వాళ్లూ ఉన్నారు. సగం మందికి ముందే యాంజియోగ్రామ్ (సీటీ కాదు, నాళంలోకి సన్నటి గొట్టం పంపి చూసేది) చేసి అవసరమైతే స్టెంట్ లేదా బైపాస్, మిగతా సగానికి మొదట మందులే. ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. చనిపోయినవాళ్లు అటు 145, ఇటు 144. మొత్తం మీద గుండెపోట్లలో కూడా చెప్పుకోదగ్గ తేడా లేదు. అలాగని స్టెంట్ దండగ అనకండి. నొప్పి తగ్గడంలో స్టెంట్‌దే పైచేయి, 2023లో వచ్చిన ఓర్బిటా-2 అనే పరిశోధనలో ఉత్తుత్తి ప్రొసీజర్‌తో పోల్చి చూసినా అదే తేలింది, కాకపోతే స్టెంట్ వేశాక కూడా సగానికి పైగా మందికి ఎంతోకొంత నొప్పి మిగిలింది. అంటే మీ స్థితిలో స్టెంట్ నొప్పికి మందు, ఆయుష్షుకి హామీ కాదు. గుండెపోటు వచ్చి నాళం మూసుకుపోతే కథ వేరు, అప్పుడు స్టెంటే ప్రాణం నిలబెడుతుంది, ఒక్క గంట కూడా ఆగకూడదు.

ఇప్పుడు మీ సీటీ రిపోర్టు బయటికి తీసి లెఫ్ట్ మెయిన్ అని ఉన్న లైన్ చూడండి. ఎడమ వైపు మొదట్లో ఉండే పెద్ద కొమ్మ అది. అక్కడ 50 శాతం, ఆ పైన బ్లాక్ ఉన్నవాళ్లను ఇస్కీమియాలో చేర్చుకోలేదు, గుండె పంపింగ్ బాగా పడిపోయినవాళ్లను కూడా. మీకు అక్కడ ఏమీ లేదని ఉంటే, ఎకో బాగుందంటున్నారు కాబట్టి, రెండో డాక్టర్ గారి మాటే నా మాట, మందులతో మొదలుపెట్టండి. రెండు మూడు నెలలు సరిగ్గా వాడినా నొప్పి మీ పనికి అడ్డొస్తుంటే అప్పుడు యాంజియోగ్రామ్‌కి వెళ్లండి. వెళ్లినప్పుడు కూడా "ఎఫ్‌ఎఫ్‌ఆర్ చూస్తారా సార్" అని అడగండి. సన్నటి వైరుతో బ్లాక్‌కి ముందూ వెనకా ఒత్తిడి కొలుస్తారు. 0.80 లేదా అంతకన్నా తక్కువొస్తే ఆ బ్లాక్ నిజంగా రక్తాన్ని ఆపుతోందని లెక్క. కంటికి 60 అనిపించినవి కొలిస్తే ఏ ఇబ్బందీ పెట్టనివని తేలడం మాకు మామూలే.

అసలు పని మందుల దగ్గరుంది. మీ ఎల్‌డీఎల్ 104, ఉండాల్సింది 55 లోపు. షుగర్ ఉండి, నాళాల్లో కొవ్వు కనబడి, నాన్నగారు చిన్న వయసులో పోయిన మీకు ల్యాబ్ కాగితం మీద "నార్మల్" అని రాసిన అంకె వర్తించదు. అటోర్వాస్టాటిన్ డోసు రెట్టింపు చేసిన ప్రతిసారీ, మందు మొదలుపెట్టక ముందున్న ఎల్‌డీఎల్‌లో ఇంకో 6 శాతమే తగ్గుతుంది, అందుకే 10 నుంచి 40కి వెళ్తే మీరు 80ల్లోకి వస్తారు. దానికి ఎజెటిమైబ్ అనే ఇంకో కొలెస్ట్రాల్ మాత్ర కలిపితే 60ల్లోకి. అక్కడికీ చాలకపోతే బెంపెడోయిక్ యాసిడ్ మాత్ర ఉంది, స్టాటిన్ పడనివాళ్ల మీద 2023లో దాని ఫలితాలు బాగా వచ్చాయి. మీ అబ్బాయి చెప్పే ఇంజెక్షన్ వంతు ఆ తర్వాతే.

ఆ ఇంజెక్షన్ కథ మాత్రం తెలుసుకోదగ్గది. పీసీఎస్‌కే9 అనే ప్రోటీన్ ఎల్‌డీఎల్‌ను ఏరిపారేసే పనిలో ఉన్న లివర్‌కి అడ్డుపడుతుంది. అమెరికాలో కొందరు నల్లజాతివారికి పుట్టుకతోనే ఆ జన్యువు సరిగ్గా పనిచేయదని, వాళ్ల ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువని, గుండెజబ్బు 88 శాతం తక్కువని 2006లో బయటపడింది. చూడండి, తగ్గింది 28 శాతమే, కానీ పుట్టినప్పటి నుంచీ తగ్గి ఉంది. ఆ ప్రోటీన్‌ను పట్టుకునే ఇవోలోక్యుమాబ్‌ను 2017లో 27,564 మంది మీద పరీక్షిస్తే గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గాయి. ఆరు నెలలకోసారి వేసే ఇంక్లిసిరాన్ ఆ ప్రోటీన్‌ను లివర్‌లో తయారుకాకుండానే చేస్తుంది, మొదటి డోసు తర్వాత మూడు నెలలకు రెండోది, అక్కణ్నుంచి ఆరు నెలలకోసారి. ఎల్‌డీఎల్‌ను సగానికి దించుతుంది. ఖరీదు ఎక్కువ. రోజూ మాత్రలు వేసుకోగలిగి, వాటితోనే 55 లోపుకి వస్తే మీకు దాని అవసరం లేదు.

ఒక రక్తపరీక్ష మాత్రం తప్పకుండా చేయించుకోండి, లైపోప్రోటీన్ ఏ, ఎల్‌డీఎల్ లాంటిదే ఇంకో రకం కొలెస్ట్రాల్ కణం అది. జీవితంలో ఒక్కసారి చాలు, ఎందుకంటే అది పుట్టుకతో వచ్చేది, తిండితో, వ్యాయామంతో పెద్దగా మారదు. మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో ఉండదు, విడిగా అడగాలి. డెసీలీటరుకి 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ అని లెక్క. మీ నాన్నగారికి ఆ వయసులో ఎందుకలా జరిగిందో దీనివల్ల కొంత తెలియొచ్చు.

షుగర్ 8.1 కూడా వదలడానికి లేదు. షుగర్, గుండెజబ్బు రెండూ ఉన్న సుమారు 7,000 మందికి ఎంపాగ్లిఫ్లోజిన్ ఇచ్చి చూసిన పరిశోధనలో, 2015 నాటిది, గుండె సంబంధ మరణాలు 38 శాతం తగ్గాయి. షుగర్ మాత్రతో ఇంత మేలు జరుగుతుందని ఎవరూ అనుకోలేదు. 2025 మార్చిలో పేటెంట్ అయిపోయాక మన దేశంలో దాని ధర బాగా పడింది, ఇప్పుడు అడగడానికి మొహమాటపడక్కర్లేదు. మూత్రం దగ్గర ఇన్ఫెక్షన్లు రావొచ్చు, ఉపవాసం ఉండే రోజు అది వేసుకోకూడదు, కిడ్నీ పరీక్ష చూశాకే మొదలుపెట్టాలి. ఇవన్నీ మీ డాక్టర్ గారితో మాట్లాడి చేయాల్సినవి, నేను పేర్లు రాశాను కదా అని మందుల షాపులో నేరుగా కొనేయకండి. స్టాటిన్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. వాట్సాప్‌లో ఎవరో లివర్ పోతుందన్నారని మానేసి, గుండెపోటుతో మా దగ్గరికి వచ్చినవాళ్లను చూసి చూసి నాకు కడుపు తరుక్కుపోతోంది. కండరాల నొప్పులొస్తే చెప్పండి, డోసు మారుస్తాం, మందు మారుస్తాం.

ఏఐ ఈసీజీ మంచి విషయమే, గుండె పంపింగ్ తగ్గిన సంగతిని మామూలు ఈసీజీ గీతల్లోంచి పట్టగలదని 2019లో చూపించారు. మీ ఎకో బాగుంది కాబట్టి మీకు దానితో పని లేదు. కాల్షియం స్కోర్ ఏటా చేయించొద్దు. స్టాటిన్ వాడితే కొవ్వు గట్టిపడి ఆ అంకె పెరగొచ్చు, అది చూసి అనవసరంగా భయపడతారు.

ఆ వీడియోలు పంపే అబ్బాయికి నా మాటగా చెప్పండి, ముందు తన లిపిడ్ ప్రొఫైల్, షుగర్ చేయించుకోమని, మీకు లైపోప్రోటీన్ ఏ ఎక్కువుంటే తనకీ అది చూపించుకోమని. తాతకి 54, తండ్రికి 52. పుట్టుక నుంచీ ఎల్‌డీఎల్ 28 శాతం తక్కువున్నవాళ్ల లెక్క ఉపయోగపడేది మీకన్నా అతనికే, ఇంకా చిన్నవాడు కాబట్టి.

ఇక గిరి ప్రదక్షిణ. 32 కిలోమీటర్లు, రాత్రంతా, ఆషాఢం ఉక్కపోతలో, కొంతమంది ఉపవాసంతో. ఈ ఏడాది వద్దండీ. స్వామి దర్శనానికి కొండ మీదికి బస్సులో వెళ్లిరండి. ఈలోపు మందులు మొదలయ్యాక, మీ డాక్టర్ సరేనంటే, ఉక్కునగరంలో ఎత్తుపల్లాలు లేని రోడ్డు చూసుకుని పొద్దున్నే పావుగంట నడక మొదలుపెట్టండి, వారానికి ఐదు నిమిషాలు పెంచండి, పట్టేసినట్టు అనిపిస్తే అక్కడే ఆగిపోండి. నాలుక కింద పెట్టుకునే మాత్ర రాయించుకుని జేబులో ఉంచుకోండి, నిలబడి కాదు, కూర్చుని పెట్టుకోవాలి, బీపీ పడి తూలిపోతారు. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే బండి మీద ఎవరో ఒకరు దింపుతారులే అనుకోకుండా 108కి ఫోన్ చేయండి. విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్ దూరమని ఆలోచించొద్దు, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ముందు దగ్గరి ఆసుపత్రిలోనే ఇచ్చి తర్వాత పెద్దాసుపత్రికి పంపొచ్చు. మూడు నెలల తర్వాత ఎల్‌డీఎల్, హెచ్‌బీఏ1సీ మళ్లీ చేయించి, లైపోప్రోటీన్ ఏ ఎంతొచ్చిందో కూడా కలిపి రాయండి. వచ్చే ఏడాది ప్రదక్షిణ సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.