ఆ మెచ్చుకోలు నాకు కాదట, డ్రోన్‌కట!

ప్రశ్న: బాబాయి గారికి నమస్కారాలు. మాది రేపల్లె దగ్గర ఒక పల్లె. నా వయసు 36, పదో తరగతి పాసయ్యాను. మా డ్వాక్రా సంఘానికి డ్రోన్ మంజూరైనప్పుడు నన్ను 15 రోజుల శిక్షణకు పంపారు. నాలుగో రోజు జీపీఎస్ ఆపేసి, డ్రోన్‌ని గాల్లో ఎనిమిది అంకెలా తిప్పమన్నారు. ఆ రోజు గాలి బాగా వీస్తోంది. నా చేతిలో డ్రోన్ పక్కకి కొట్టుకుపోయి, రక్షణ కోసం కట్టిన వలకి తగలబోయింది. కిందికి కూడా దిగిపోయింది. వెనక ఎవరో కుర్రాడు ‘ఆంటీకి ఎందుకీ అవస్థ’ అన్నాడు. మర్నాడే పరీక్ష. రాత్రి బట్టలు సర్దేసుకున్నాను, పొద్దున్నే మొదటి బస్సుకి ఇంటికి పోదామని.

అప్పుడే మా సార్ వాట్సాప్‌లో ఒక్కొక్కరి గురించి ఒక్కో ముక్క ఇంగ్లీషులో పెట్టారు. నా నంబరు ఎదురుగా ‘ఆటిట్యూడ్ గుడ్, ఆల్టిట్యూడ్ డ్రాపింగ్, ప్రాక్టీస్’ అని ఉంది. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయికి ఫోన్ చేసి అడిగాను. ‘నీ మనస్తత్వం బాగుందని మెచ్చుకున్నారమ్మా. ఎత్తు తగ్గుతోందట, అది చూసుకోమన్నారు’ అంది. అంతమందిలో మా సార్ నా మనసు చూశారనిపించింది. ఏడుపొచ్చింది. బ్యాగు విప్పేశాను. పరీక్ష పాసయ్యాను. ఈ ఏడు నెలల్లో 410 ఎకరాలకు మందు కొట్టాను. మా ఆయనే బ్యాటరీలు మారుస్తాడు, మందు కలుపుతాడు.

పోయిన వారం డ్రోన్‌ని సర్వీసుకి ఇచ్చాం. మెకానిక్ స్క్రీన్ చూపించి, ఆటిట్యూడ్ అంటే డ్రోన్ ఎటు ఎంత వంగిందో చెప్పే లెక్క అన్నాడు. అంటే మా సార్ బాగుందన్నది నన్ను కాదు, డ్రోన్‌ని. అప్పటినుంచి రిమోట్ పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి. నాది దొంగ ధైర్యమేనా బాబాయి గారూ? ఈ సంగతి మా సార్‌కి చెప్పాలా?

– పేరు వద్దు, రేపల్లె ప్రాంతం

జవాబు: అమ్మా, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివింది నీ ప్రశ్న కోసం కాదు, మీ సార్ పెట్టిన ఆ ఒక్క వాక్యం కోసం. వైమానిక దళంలో నేను చేసిన ఉద్యోగమే ఆ ఆటిట్యూడ్ చూపించే పరికరాలు బాగుచేయడం. ఇన్‌స్ట్రుమెంట్ ఫిట్టర్‌ని. బెంగుళూరు జాలహళ్లిలో ట్రైనింగ్ అయినప్పుడు ఆటిట్యూడ్, ఆల్టిట్యూడ్ అనే రెండు మాటలూ పక్కపక్కనే నేర్పారు. ఒకటి విమానం ఒళ్లు ఎలా ఉందో చెబుతుంది, రెండోది ఎంత ఎత్తులో ఉందో చెబుతుంది.

ముందు మెకానిక్ చెప్పింది నిజమేనని ఒప్పుకుందాం. ముక్కు పైకి లేచిందా, కిందికి దిగిందా, ఎడమకి వాలిందా, కుడికి వాలిందా, ముఖం ఎటు తిప్పింది, ఇదంతా కలిపి ఆటిట్యూడ్. మా రోజుల్లో విమానంలో దీనికి గుండ్రటి డయల్ ఉండేది. పైసగం నీలంగా ఆకాశం, కిందిసగం మట్టిరంగులో నేల. లోపల చిన్న చక్రం నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ ఉంటుంది. నీ డ్రోన్‌లో ఆ పని మినపగింజంత చిప్ చేస్తుంది. మీ సార్ రాసింది దాని గురించే.

కానీ అమ్మా, ఆ రోజు ఆ డ్రోన్ ఒళ్లు అలా ఉండటానికి కారణం ఎవరు?

జీపీఎస్ ఉన్నప్పుడు డ్రోన్ తన చోటు తానే కాపాడుకుంటుంది. రిమోట్ మీది స్టిక్ వదిలేసినా గాల్లో అక్కడే నిలబడుతుంది. జీపీఎస్ ఆపేస్తే దానికి తన చోటు తెలియదు. స్టిక్ వదిలితే సమతలంగా నిలబడటం వరకు చేయగలదు, గాలి ఎటు తోస్తే అటు పోతుంది. అందుకే శిక్షణలో అలా ఎగరేయిస్తారు. గాల్లో దాన్ని ఒకచోట ఉంచాలంటే గాలికి ఎదురు వంచాలి. ఎంత గాలికి ఎంత వంపు అన్నది ఏ చిప్పూ చెప్పదు, నీ బొటనవేలే చెప్పాలి. కంగారుపడి స్టిక్‌ని విదిలిస్తే స్క్రీన్ మీద వంపు చూపించే గీత అటూ ఇటూ ఊగిపోతుంది. నీ డ్రోన్ ఊగలేదు కాబట్టే ఆయన గుడ్ అని రాశారు. వల దగ్గరకి వెళ్లింది గాని తగల్లేదని నువ్వే రాశావు.

ఇప్పుడు రెండో ముక్క చూడు. ‘ఎత్తు తగ్గుతోంది’ అన్నారు. డ్రోన్‌ని వంచితే రెక్కల బలంలో కొంత పక్కకి పోతుంది, పైకి ఎత్తే బలం ఆ మేరకు తగ్గుతుంది. అప్పుడు థ్రాటిల్, అంటే పైకి లేపే స్టిక్, కాస్త పెంచాలి, లేకపోతే దిగిపోతుంది. అంటే నీ వేళ్లలో ఒకటి తన పని సరిగ్గా చేసింది, రెండోది కాస్త ఆలస్యం చేసింది. గాలికి వంచడం రాని మనిషికి ఈ రెండో తప్పు రాదమ్మా. దిగిపోయే లోపు డ్రోన్ వలలో ఉంటుంది. సగం పని వచ్చిన మనిషి చేసే తప్పు అది. మీ సార్ ఆ మూడు ముక్కల్లో చెప్పింది ఇదే: వంపు పట్టుబడింది, థ్రాటిల్ మీద కూర్చో. నువ్వు ఆ రాత్రి ఆగిపోయి, మర్నాడు ఆ థ్రాటిల్ సరిచేసుకున్నావు. లేకపోతే పరీక్షలో నెగ్గేదానివి కాదు.

ఆటిట్యూడ్ అనే మాట గురించి ఇంకో సంగతి. ఇటలీ భాష నుంచి ఫ్రెంచి మీదుగా 17వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చింది. మొదట చిత్రకారుల మాట. బొమ్మలోని మనిషి నిలబడ్డ తీరుని, మనం భంగిమ అంటామే, దాన్ని ఆటిట్యూడ్ అనేవారు. మనసు తీరు అనే అర్థం తర్వాత వచ్చింది. మన ఊళ్లలో ఇప్పుడు ‘వాడికి ఆటిట్యూడ్ ఎక్కువ’ అంటే పొగరు అని అర్థం. మీ అమ్మాయి ఆ అర్థం చెప్పి ఉంటే నువ్వు ఆ రాత్రే బస్టాండులో ఉండేదానివేమో! ఆ పిల్ల అమ్మ గొంతు విని, ఉన్న అర్థాల్లో అమ్మకి కావలసింది తీసి ఇచ్చింది. అది అబద్ధం కాదు. ఆ సంగతి ఆమెకి కూడా చెప్పు, సంతోషిస్తుంది.

ఇక చేతుల వణుకు. మబ్బుల్లోకి వెళ్లిన పైలట్‌కి చెవి లోపలి సమతూకం తప్పుడు కబురు ఇస్తుంది. విమానం వాలుతున్నా నిటారుగా ఉన్నట్టే అనిపిస్తుంది. అందుకే ఒంటికి తోచినది కాదు, డయల్ చెప్పింది నమ్మమంటారు. నీకిప్పుడు తోస్తున్నది మబ్బులో తోచేదే. నీ డయల్ వేరే ఉంది: 410 ఎకరాలు. ఎదిగిన మొక్కజొన్నలోకి వీపున ట్యాంకు వేసుకుని మనిషి దూరితే ఆకులు ఒళ్లంతా కోస్తాయి, మందు ముఖాన పడుతుంది. ఆ చేలలో కత్తెర పురుగుకి నువ్వు పైనుంచి మందు కొడుతున్నావు. ఆ రైతులెవరూ మీ సార్ మెసేజ్ చదివి నిన్ను పిలవలేదు.

వారం రోజులు ఇలా చెయ్యి. పొద్దున్నే గాలి లేవకముందు, ట్యాంకులో మందు లేకుండా ఉత్త నీళ్లు పోసి, కోత అయిపోయిన చేలో పది నిమిషాలు ఎగరెయ్యి. పైరు ఉన్నట్టే అనుకుని రెండు మూడు మీటర్ల ఎత్తు పట్టుకో. మీ ఆయన్ని స్క్రీన్ మీద ఎత్తు గట్టిగా చదవమను. నువ్వు డ్రోన్‌నే చూడు. వణుకు తగ్గేదాకా మందు పని ఒప్పుకోవద్దు. మందు పక్క చేలోకి పోతే అది వేరే తంటా. మధ్యలో నాలుగు రోజులు ఆగినా ఏమీ పోదు, నీ పైలట్ సర్టిఫికెట్ 10 సంవత్సరాలు చెల్లుతుంది.

మీ సార్‌కి తప్పకుండా చెప్పు. క్షమాపణలా కాదు, కబురులా చెప్పు. బ్యాగు సర్దుకున్న సంగతి, ఆ మెసేజ్ చూసి విప్పిన సంగతి, 410 ఎకరాల సంగతి రాయి. రోజూ ఇరవై మందికి మూడేసి ముక్కలు రాసే మనిషికి ఆ ముక్క ఎవరింట్లో ఎలా వినపడిందో ఎప్పటికీ తెలియదు. నేను బాగుచేసి పంపిన పరికరాలు ఏ మబ్బులో ఎవరికి పనికొచ్చాయో నాకు ఒక్కసారి కూడా తెలియలేదు. ఎవరైనా రాసి తెలిపి ఉంటే ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉండేది.