అపార్ట్‌మెంట్‌లో పిల్లలతో సంక్రాంతి ఎలా చేసుకోవాలి? మా అనుభవం

ఈసారి సంక్రాంతికి ఊరు వెళ్ళడం కుదరడం లేదని, ఆరో అంతస్తులో నాలుగేళ్ళ పాపతో, తొమ్మిదేళ్ళ బాబుతో పండుగ ఎలా చేసుకోవాలో తోచడం లేదని మీరు రాశారు. మేము హైదరాబాదు కూకట్‌పల్లిలో 40 ఇళ్ళున్న అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. మా అత్తగారు దూరప్రయాణం చేయలేని స్థితికి వచ్చాక 7 సంక్రాంతులు ఇక్కడే చేసుకున్నాం. మాకు కుదిరినవీ కుదరనివీ చెబుతాను.

ముందుగా ఒక విన్నపం. సంబరాలన్నీ ఎవరికైనా కాంట్రాక్టుకు ఇచ్చేద్దామని మీ అసోసియేషన్ వాళ్ళు అంటే ఒప్పుకోకండి. మా దగ్గర ఒక ఏడాది అలాగే చేశారు. వేదిక, స్పీకర్లు, గంగిరెద్దు అన్నీ వచ్చాయి. పిల్లలు కుర్చీల్లో కూర్చుని చూసి, ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోయారు. వారం తర్వాత మా అమ్మాయిని అడిగితే ఏమీ గుర్తు లేదు. అంతకుముందు ఏడాది తను చేసిన పిడకల దండ మాత్రం ఇప్పటికీ గుర్తుంది.

భోగి మంట దగ్గరే ఎక్కువ గొడవలు వస్తాయి కాబట్టి దాని గురించి వివరంగా చెప్పాలి. మొదటి ఏడాది సెల్లారు వాలు దగ్గర టైల్స్ మీదే కర్రలు పేర్చి వెలిగించాం. వేడికి టైల్స్ పగిలాయి, పొగంతా సెల్లారులోకి పోయి కార్ల మధ్య కమ్ముకుంది. మరుసటి ఏడాది నుంచి గేటు పక్కన మట్టి నేల మీద చుట్టూ ఇటుకలు పేర్చి, లోపల జానెడు మందాన ఇసుక పోసి, చిన్న మంట వేస్తున్నాం. పక్కనే రెండు బకెట్ల నీళ్ళు ఉంచుతాం. ప్లైవుడ్ ముక్కలు, రంగు వేసిన తలుపులు, ప్లాస్టిక్, టైర్లు ఎవరు తెచ్చినా వేయనివ్వం. ఆ పొగ పసివాళ్ళు పీల్చకూడదు. నాలుగు మామిడి కర్రలు, పిడకలు చాలు.

ఇక పిల్లల పని భోగి పిడకలు. ఆవు పేడను చిన్న బిళ్ళలుగా తట్టి, మధ్యలో వేలితో చిల్లు పెట్టి, ఎండాక దండ గుచ్చి మంటలో వేస్తారు. మా వాచ్‌మన్ భార్యది శ్రీకాకుళం వైపు పల్లె. మా పిల్లలందరికీ ఆవిడే నేర్పారు. చలికాలం కాబట్టి పిడకలు ఎండడానికి వారం పైనే పడుతుంది, ఇప్పుడే మొదలుపెట్టండి. మా ఎదురింటి పంజాబీ కుటుంబం లోహ్రీ మంట వేసేదీ ఒక రోజు అటూ ఇటూగా ఆ రోజుల్లోనే. అందుకని ఇద్దరికీ అదే ఇటుకల గూడు. సాయంత్రం వాళ్ళు వేరుశనగలు, నువ్వుల మిఠాయి పంచుతారు, తెల్లవారి మేము అరిసెలు ఇస్తాం.

భోగి సాయంత్రం మీ పాపకు తప్పకుండా భోగిపళ్ళు పోయండి. అయిదేళ్ళలోపు పిల్లలకే కదా పోస్తాం, మీకు ఇక ఒకటి రెండు సంక్రాంతులే మిగిలాయి. రేగిపళ్ళు, చెరకు ముక్కలు, బంతిపూల రేకులు, నానబెట్టిన శనగలు, చిల్లర కలిపి, తల చుట్టూ దిష్టి తీసి పోస్తాం. మీ బ్లాకులో ఆ వయసు పిల్లలందరినీ ఒకే చోట పీటల మీద కూర్చోబెడితే ఆ సందడే వేరు. ఒక్క జాగ్రత్త తీసుకోండి. ఏడాది, రెండేళ్ళ పిల్లలుంటే నాణేలూ శనగలూ మానేయండి, రేగిపళ్ళ గింజలు కూడా నోట్లో పెట్టుకుంటారు. వాళ్ళకు పూలరేకులు చాలు.

మీ బాబుకు చుక్కల ముగ్గు నేర్పండి. 7 చుక్కలతో మొదలుపెట్టి, రెండు వైపులా సందు చుక్కలు పెట్టుకుంటూ 4 వచ్చే వరకు. మొత్తం 37 చుక్కలు. మా వాడు మొదటిసారి వాటిని లెక్కపెట్టి, కూడి, సరిపోయిందని గంతులేశాడు. నున్నటి టైల్స్ మీద పొడి ముగ్గు నిలవదు, పైగా పెద్దవాళ్ళు జారిపడే ప్రమాదం ఉంది. బియ్యప్పిండిని నీళ్ళలో పలచగా కలిపి, గుడ్డ ముక్కతో వేయించండి. లిఫ్టు ముందు మాత్రం వద్దు.

బొమ్మల కొలువుకు పెద్ద ఇల్లు అక్కర్లేదు. 3 అట్టపెట్టెలు మెట్లలా పేర్చి తెల్ల పంచె కప్పితే కొలువు సిద్ధం. మెట్లు బేసి సంఖ్యలో ఉండాలి, అంతే. మా కొలువులో పొణికి కర్రతో చేసిన కొండపల్లి బొమ్మలు, లక్క పూతతో మెరిసే ఏటికొప్పాక బొమ్మలు ఉంటాయి. కింది మెట్టు పిల్లలది, అక్కడ వాళ్ళ కార్లూ రోబోలూ ఉంటాయి. పేరంటానికి పిలవడానికి కుంకుమ భరిణెతో మా అమ్మాయినే పంపిస్తాను. ఇప్పుడు ఈ 40 ఇళ్ళలో ఎవరి పేరు అడిగినా చెబుతుంది.

గాలిపటాల విషయంలో నేను కఠినంగా ఉంటాను. పైకి చూస్తూ వెనక్కి నడిచే పిల్లలకు డాబా అంచు కనిపించదు, పిట్టగోడ ఎంత ఎత్తున్నా సరే. దగ్గర్లోని మైదానానికి తీసుకెళ్ళండి. దారం నూలుదే కొనండి. చైనా మాంజా అనే నైలాన్ దారాన్ని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే నిషేధించింది. మా వీధి చెట్టుకు మాంజా చిక్కుకుని రెక్క తెగిన పావురాన్ని పిల్లలు చూసిన నాటి నుంచి వాళ్ళే దుకాణంలో అడిగి మరీ నూలు దారం తీసుకుంటున్నారు.

కనుమ నాడు రథం ముగ్గు వేయండి, కొన్ని ఊళ్ళలో ముక్కనుమ నాడు వేస్తారు. వీధిలో అయితే ఒక రథం తాడును పక్కింటి రథానికి కలుపుకుంటూ పోతారు కదా. మా అంతస్తులో 4 గుమ్మాలు, 4 రథాలు. మొదటి ఏడాది తాడు మా కారిడార్‌లోనే ఆగిపోయింది. పోయిన సంక్రాంతికి పిల్లలు సుద్దముక్కతో మెట్ల అంచుల మీదుగా గీసుకుంటూ అయిదో అంతస్తు నుంచి కింద వాచ్‌మన్ గది గుమ్మం దాకా తీసుకెళ్ళారు. అక్కడ వాచ్‌మన్ భార్య తన రథం వేసి వీళ్ళ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు.